పనిముట్ల నుంచి శాసనసభకు: అమెరికా నల్లజాతి మహిళల దారి

ప్రశ్న: అమెరికాలో ఎలక్ట్రీషియన్‌గానో వెల్డర్‌గానో పనిచేసే నల్లజాతి మహిళ రాష్ట్ర శాసనసభకు పోటీ చేస్తే ఆ వృత్తి ఆమెకు తోడ్పడుతుందా, లేక ఆ దారి న్యాయవాదులకే సులువా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1: తోడ్పడుతుందనే నా దృఢమైన అభిప్రాయమండీ. 1964 నాటి పౌరహక్కుల చట్టం ఉద్యోగాలలో జాతి, లింగ వివక్షను నిషేధించినా నిర్మాణ రంగం మహిళలను వెంటనే రానివ్వలేదు. అందుకే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కాంట్రాక్టు పనులలో మహిళల పనిగంటలను క్రమంగా 6.9 శాతానికి చేర్చాలని 1978లో నిబంధనలు తెచ్చారు. అటువంటి చోట నాలుగైదేళ్ల అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసి, యూనియన్ సమావేశాలలో వేతనాల గురించి వాదించి, తోటివారి ఓట్లతో పదవి గెలిచిన మహిళకు ఎన్నికల ప్రచారం కొత్త విద్య కాదు.

సమాధానం 2: అయితే తొలి విజేతలు వేరే వృత్తులవారన్నది గుర్తుంచుకోవాలి. 1938లో పెన్సిల్వేనియా ప్రతినిధుల సభకు ఎన్నికైన క్రిస్టల్ బర్డ్ ఫాసెట్ ఉపాధ్యాయురాలిగా పనిచేశారు, 1952లో మిషిగన్ రాష్ట్ర సెనేట్‌కు (ఎగువ సభకు) ఎన్నికైన కోరా బ్రౌన్ న్యాయవాది. జీతం కూడా పెద్ద అడ్డంకే: టెక్సాస్ సభ్యులకు ఏడాదికి 7,200 డాలర్లు, న్యూ హాంప్‌షైర్‌లో 100 డాలర్లు మాత్రమే. గంటల లెక్కన కూలి తీసుకునే ఒంటరి తల్లి సభా సమావేశాల కాలంలో ఇల్లు ఎలా నడపాలి?

సమాధానం 3: ఆ అడ్డంకి నిజమే, కానీ ఆమె సభలో ఉండటం అవసరం. ప్రభుత్వ నిర్మాణాలలో స్థానిక స్థాయి వేతనం చెల్లించాలన్న చట్టాన్ని మిషిగన్ 2018లో రద్దు చేసి, 2023లో మళ్లీ ఆమోదించింది. ఇటువంటి ఓటు పడే రోజున, ఆ వేతనంతోనే బతికిన మనిషి మాటకు ఉండే బరువు వేరు.