తలకు దెబ్బ తగిలాక అన్నయ్యకు పట్టరాని కోపం, ఏం చేయాలి?

యాక్సిడెంట్‌లో మా అన్నయ్య తలకు గట్టి దెబ్బ తగిలింది. నడక, మాట బాగానే వచ్చేశాయి కానీ మనిషి ఇదివరకటిలా లేడు. టీవీ నడుస్తుండగా ఇద్దరం ఒకేసారి మాట్లాడితే చాలు, దవడ బిగుసుకుంటుంది, చేతిలో ఉన్నది విసిరేస్తాడు, కాసేపటికి తనే వచ్చి సారీ చెప్తాడు (అది చూస్తే ఇంకా బాధ). సాయంత్రం అలసిపోయాక మరీ ఎక్కువ. ఆవేశాన్ని అదుపు చేసే ఫ్రంటల్ లోబ్ (మెదడు ముందు భాగం) దెబ్బతింటే ఇలాగే ఉంటుందని డాక్టర్ అన్నారు. ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటమ్ వేసుకుంటున్నాడు, దానివల్ల కూడా చిరాకు పెరగొచ్చట, ఉన్నట్టుండి ఆపేస్తే ప్రమాదం కాబట్టి మా అంతట మేం ఆపలేదు. డాక్టర్‌ని అడిగి మందు మార్పించుకున్నవాళ్లకు తేడా తెలిసిందా? న్యూరో సైకాలజిస్టు (మెదడు దెబ్బతిన్నాక వచ్చే ప్రవర్తన మార్పులు చూసే నిపుణులు) దగ్గర ఏం నేర్పిస్తారు? కోపం మొదలవగానే మేం పక్క గదిలోకి వెళ్లిపోవాలా, దగ్గరే ఉండి మాట్లాడాలా? వదిన బాగా భయపడుతోంది, అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.