ఏఎఫ్‌పీ నార్మల్ వచ్చింది, ఇక స్కానింగ్ మానేయొచ్చా?

తెనాలి అమ్మాయి:
నాన్నకి 62 ఏళ్లు. హెపటైటిస్ బి ఎప్పటినుంచో ఉంది, రెండేళ్ల కిందట సిరోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడటం) అని తేలింది. లివర్ క్యాన్సర్ వస్తే తొందరగా దొరకాలని ఆర్నెల్లకోసారి ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష, పొట్ట స్కానింగ్ చేయించమన్నారు. మొన్న ఏఎఫ్‌పీ 4.2 వచ్చింది. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "రక్తంలోనే ఏమీ లేదంటుంటే మళ్లీ ఆ చల్లటి జెల్లు పూయించుకోవడం ఎందుకే?" అంటున్నారు. పదకొండింటిదాకా కాఫీ లేకుండా కూర్చోవడమే అసలు బాధ అనుకోండి. రక్తపరీక్ష ఒక్కటీ చాలదా?

పాత పేషెంట్:
చాలదమ్మా. నా ఏఎఫ్‌పీ 6, అదీ నార్మలే. అదే వారం స్కానింగులో కుడివైపు 1.8 సెంటీమీటర్ల గడ్డ కనబడింది. తర్వాత సీటీ తీశారు. సీటీలో తేడా తెలియడానికి నరంలోకి ఇచ్చే మందు ఎక్కించగానే గడ్డ తెల్లగా మెరిసి, కాసేపటికి చుట్టూ ఉన్న లివర్ కంటే నల్లబడింది. సిరోసిస్ ఉన్నవాళ్లకి ఆ తీరు కనబడితే ముక్క తీయకుండానే క్యాన్సరని చెప్పేస్తారట. చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి సూది గుచ్చి కాల్చేశారు. కాగితం చూసుకుని ఇంట్లో కూర్చుని ఉంటేనా!

స్కానింగ్ గది మనిషి:
స్కానింగునీ గుడ్డిగా నమ్మకండి. పొట్ట లావుగా ఉన్నా, గ్యాస్ అడ్డొచ్చినా లివర్ పైభాగం మాకు సరిగా దొరకదు. ఊపిరి బిగబట్టమంటే కొందరు దగ్గుతారు. రిపోర్టులో "పూర్తిగా కనిపించలేదు" అని ఉంటే అది నార్మల్ కింద లెక్క కాదు, సీటీ గానీ ఎంఆర్ఐ గానీ కావాలేమో డాక్టర్ని అడగండి. 2018లో చాలా అధ్యయనాలు కలిపి లెక్కేస్తే, సిరోసిస్ వాళ్లలో తొలిదశ క్యాన్సర్‌ని స్కానింగ్ ఒక్కటే 45 శాతం పట్టింది, ఏఎఫ్‌పీ తోడైతే 63. రెండూ రాసేది అందుకే. ఏఎఫ్‌పీ పెరిగినా క్యాన్సరే అనుకోనక్కర్లేదు, హెపటైటిస్ ముదిరినప్పుడూ పెరుగుతుంది.
అన్నట్టు, మీ ఇంట్లో మిగతావాళ్లు హెపటైటిస్ బి పరీక్ష చేయించుకున్నారా?

తెనాలి అమ్మాయి:
లేదండీ. నేనూ తమ్ముడూ ఎప్పుడూ చేయించుకోలేదు, రేపే ఇస్తాం. పైవన్నీ నాన్నకి చదివి వినిపించాను. 1.8 దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. పొద్దున ఏడింటికే పిలిస్తే వస్తారట, ఫ్లాస్కులో కాఫీ మాత్రం నేను పట్టుకుని బయట నిలబడాలి.