ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గిస్తే లాభమా, నష్టమా?

హోసూరురోడ్డు:
అన్నలూ, నాది 390 సీసీ సింగిల్ సిలిండర్ బండి. ముందు స్ప్రాకెట్‌కు 15 పళ్లు, వెనక 45 (అదే, చైన్ ఎక్కే పళ్ల చక్రాలు). రోజూ బెంగళూరు సిల్క్ బోర్డు మీదుగానే ఆఫీసుకు. ట్రాఫిక్‌లో ఫస్ట్ గేర్‌లో పాకుతుంటే ఒకటే కుదుపులు. హాఫ్ క్లచ్ పట్టీ పట్టీ ఎడమ చెయ్యి లాగేస్తోంది. జేసీ రోడ్డులో ఒక మెకానిక్ ముందు 14 వేసుకోమన్నాడు. అనంతపురం వెళ్లేదీ ఈ బండి మీదే. వెయ్యమంటారా?

పద్నాలుగుపళ్లు:
కళ్లు మూసుకుని వేసెయ్ తమ్ముడూ. 45ని 15తో భాగిస్తే 3, 14తో భాగిస్తే 3.21. అంటే ప్రతి గేర్‌లోనూ చక్రానికి 7 శాతం ఎక్కువ లాగుడు. నాదీ ఇదే సైజు. నంది హిల్స్ మలుపుల్లో ఇప్పుడు మాటిమాటికీ గేర్ దించే పని లేదు. మైలేజీ కూడా తగ్గలేదు, లీటరుకు అదే 30.

ఎన్‌హెచ్44:
ఇంజిన్ బలం ఇసుమంత కూడా పెరగదు, ఆ సంగతి ముందు చెప్పాలి. టాప్ గేర్‌లో 100 స్పీడు దగ్గర నిమిషానికి 6000 సార్లు తిరిగే ఇంజిన్ ఇకమీదట 6400 దాటి తిరుగుతుంది. దేవనహళ్లి దాటాక ఆ మోత, ఆ వైబ్రేషన్ అనంతపురం దాకా భరించాలి. బాగేపల్లికే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అది సరే, మైలేజీ తగ్గలేదంటున్నారు కదా, మీ స్పీడోమీటర్ సెన్సర్ ఎక్కడుంది అన్నా?

పద్నాలుగుపళ్లు:
గేర్‌బాక్స్ దగ్గరే. అయితే?

ఎన్‌హెచ్44:
అక్కడే ఉంది కిటుకు. దానికి పళ్లు మార్చిన సంగతి తెలియదు. బండి 100 కిలోమీటర్లు వెళ్తే మీటర్ 107 చూపిస్తుంది. మీ 30 అసలు 28 అన్నమాట. సెన్సర్ చక్రం దగ్గరుండే బండ్లకు ఈ తేడా రాదు.

పద్నాలుగుపళ్లు:
పోతే పోనీ రెండు కిలోమీటర్లు! సిల్క్ బోర్డు దగ్గర చెయ్యి నొప్పి తగ్గిందా లేదా అన్నదే నా లెక్క. హైవే మీద బతికేవాళ్లు 15 ఉంచుకోండి, ఎవరు కాదన్నారు?

గ్రీజుచేతులు:
ఇద్దరూ చైన్ ఊసే ఎత్తలేదు. ముందు స్ప్రాకెట్ చిన్నదైతే చైన్ మీద లాగుడు కూడా ఆ 7 శాతం పెరుగుతుంది, లింకులు ఇంకా బిగువుగా వంగి తిరుగుతాయి. రెండూ అరుగుదలే. అదే వెనక పళ్లు పెంచితే చైన్ మీద అదనపు లాగుడు ఉండదు. పైగా ఒక్క పన్నుకు 2 శాతమే మారుతుంది కాబట్టి కావలసినంత దగ్గర ఆగొచ్చు. ముందు ఒకటి తగ్గించడం వెనక మూడు పెంచినట్టే. కాకపోతే ముందుది చవక, పని కూడా తొందరగా అయిపోతుంది. వెనక చక్రం యాక్సిల్ నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే పాత చైనే సరిపోతుంది. మెకానిక్‌లు 14 అనేది అందుకే. వెనక మూడు పెంచితే పొడుగు చైన్ కావాల్సి రావచ్చు.

అసలు తమ్ముడూ, నీ చైన్ స్లాక్, అంటే వదులు, ఎంతుంది? వదులైన చైన్‌కూ ఫస్ట్ గేర్‌లో ఇవే కుదుపులు వస్తాయి. పైసా ఖర్చు లేని పని, ముందు అది చూడు.

హోసూరురోడ్డు:
ఇప్పుడే చూశాను. చైన్ బాగా వేలాడుతోంది, మాన్యువల్‌లో చెప్పినదానికి దాదాపు రెట్టింపు. రేపు బిగించి, లూబ్ కొట్టి ఒక వారం నడుపుతా. అప్పటికీ చెయ్యి లాగితే చైన్ సెట్ మార్చేటప్పుడు వెనక 47 అడుగుతా.

పద్నాలుగుపళ్లు:
47కి ఆగవు తమ్ముడూ, చివరికి 14కే వస్తావు.