సిలికాలో చిక్కిన కార్బన్‌ని లెక్కలో కలపొచ్చా?

మట్టిపాఠం:
గడ్డిజాతి మొక్కలు వేళ్లతో నీళ్లు పీల్చుకునేటప్పుడు అందులో కరిగిన సిలికా కూడా లోపలికి వస్తుంది. అది ఆకుల్లో, కాండంలో గాజులాంటి సన్నటి రేణువులుగా గడ్డకడుతుంది. వీటినే ఫైటోలిత్‌లంటారు. రేణువు గట్టిపడేటప్పుడు కణంలోని కార్బన్ కొంత లోపలే చిక్కుకుపోతుంది. మొక్క కుళ్లిపోయినా ఇది మట్టిలో వేల ఏళ్లు నిలుస్తుంది కాబట్టి కార్బన్ క్రెడిట్లలో (గాలిలోని కార్బన్‌ని తగ్గించినందుకు ఇచ్చే, అమ్ముకోదగ్గ పత్రాల్లో) చేర్చాలని కొందరి వాదన. ఆ కొలతల్ని నమ్మొచ్చా? మీరేమంటారు?

గడ్డిపోచ:
చేర్చాల్సిందే. పాతకాలపు పూడిన నేలలు కొన్నిటిలో మిగిలిన కార్బన్‌లో 82 శాతం దాకా ఫైటోలిత్‌లదేనని పరిశోధకులు పార్, సలివాన్ 2005లోనే రాశారు. సిలికా గోడ దాటి సూక్ష్మజీవులు లోపలికి పోలేవు. మట్టిలో ఇంతకన్నా భద్రమైన చోటు ఎక్కడుందండీ?

సందేహాలరావు:
82 శాతం అనేది వాటా, పరిమాణం కాదు. మిగతా సేంద్రియ పదార్థమంతా కుళ్లిపోయాక అడుగున మిగిలిన కాస్తలో ఎక్కువ భాగం ఇదని అర్థం. హెక్టారుకి ఎంతో చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.

సూక్ష్మదర్శిని:
హెక్టారు దాకా ఎందుకు, గొడవంతా ల్యాబ్‌లోనే ఉంది. మట్టిలోంచి ఫైటోలిత్‌లు తీయాలంటే ముందు ఆమ్లంతో కార్బనేట్లు పోగొట్టాలి, బంకమట్టిని వేరుచేయాలి, హైడ్రోజన్ పెరాక్సైడో నైట్రిక్ ఆమ్లమో పోసి రేణువుల బయట అంటుకున్న సేంద్రియ పదార్థాన్ని వదిలించాలి. తర్వాత సోడియం పాలీటంగ్‌స్టేట్ లాంటి బరువైన ద్రవంలో వేస్తారు. దాని సాంద్రత 2.3 దగ్గర పెడితే ఫైటోలిత్‌లు తేలతాయి, 2.65 ఉన్న క్వార్ట్జ్ మునుగుతుంది. బానే ఉంది. కానీ బొగ్గు నలుసులు కూడా తేలేవే! పైగా బొగ్గు పెరాక్సైడ్‌కి ఓ పట్టాన లొంగదు.

ఇప్పుడు శుభ్రం చేసిన ఫైటోలిత్‌లు 20 మిల్లీగ్రాములు తూచామనుకోండి. కార్బన్ 0.2 శాతమైతే అందులో ఉండేది 40 మైక్రోగ్రాములే. రేణువుల గుంతల్లో ఇంకో 40 మైక్రోగ్రాముల మురికి మిగిలితే యంత్రం 0.4 శాతం అని చూపిస్తుంది. లోపలిదేదో బయటిదేదో దానికి తెలీదుగా. పరిశోధన పత్రాల్లో 0.1 శాతం నుంచి 5 శాతం దాకా అంకెలు కనిపించడానికి మొక్కల్లో తేడా ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

ఫైటోలిత్‌లు 1 శాతం ఉన్న కిలో మట్టిలో ఈ కార్బన్ ఎంత? 0.2 శాతం లెక్కన 20 మిల్లీగ్రాములు, 4 శాతం లెక్కన 400. క్రెడిట్లు అమ్మేవాళ్లు ఏ అంకె పట్టుకుంటారో వేరే చెప్పాలా?

గడ్డిపోచ:
రెండో వైపు కూడా చెప్పండి మరి. మరీ ఘాటుగా శుద్ధి చేస్తే పల్చటి రేణువులు పగిలి లోపలి కార్బన్ కూడా పోతుంది. తక్కువ అంకె వచ్చినంత మాత్రాన అదే నిజమనడం ఏం న్యాయం?

సూక్ష్మదర్శిని:
ఆ మాట నిజమే. ఎక్కడ ఆపాలన్నది ఇప్పటికీ తెగలేదు. కార్బన్ ఒక పెద్ద బొరియలో ఉందా, సిలికా అంతటా చెదిరి ఉందా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

సందేహాలరావు:
రేడియోకార్బన్ (కార్బన్ ఎంత పాతదో చెప్పే పరీక్ష) సంగతి ఎవరూ ఎత్తరేం? నిన్నమొన్న కోసిన గడ్డిలోని ఫైటోలిత్‌లకి వేల ఏళ్ల వయసు వచ్చింది. శాంటోస్, అలెగ్జాండ్ర్ అనే పరిశోధకుల బృందం దీని మీద వరసగా పత్రాలు రాసింది. మట్టిలోని పాత కార్బన్ కొంత వేళ్ల గుండా మొక్కలోకి చేరి ఉంటుందన్నది వాళ్ల వివరణ. అదే నిజమైతే ఆ కాస్తా గాలిలోంచి తీసింది కాదు, మట్టిలో ఉన్నదే చోటు మారింది. దానికి క్రెడిట్ ఇవ్వడమంటే ఈ జేబులో డబ్బు ఆ జేబులో వేసుకుని సంపాదన అనుకోవడమే.

గడ్డిపోచ:
అన్ని నమూనాలకీ అలా రాలేదు. ఇప్పటి మొక్కలకి ఇప్పటి వయసే చూపించిన కొలతలూ ఉన్నాయి. పాత వయసు వచ్చినచోట శుద్ధిలో మిగిలిన కల్తీయే కారణమని వాదించేవాళ్లూ ఉన్నారు.

సందేహాలరావు:
బాగుంది. వయసు తేడా వస్తే కల్తీ అంటారు, శాతం ఎక్కువొస్తే మాత్రం కల్తీ ఉండదా?

మట్టిపాఠం:
ఒకే నమూనాని మెత్తటి పద్ధతిలో, ఘాటు పద్ధతిలో రెండుగా శుద్ధి చేసి, రెండిటికీ కార్బన్ శాతం, రేడియోకార్బన్ వయసు పక్కపక్కన పెడితే?

సూక్ష్మదర్శిని:
ఏ నమూనా వేయని ఖాళీ గొట్టాన్ని కూడా అదే దారిలో నడిపి, ల్యాబ్‌లోనే ఎంత కల్తీ చేరుతోందో తెలిసేలా దాని కార్బన్ ఎంతో రాయాలి. అది రాయని పత్రాన్ని నేను పట్టించుకోను. ఆ మూడూ ఉంటే గడ్డిపోచ గారి పక్షాన కూడా మాట్లాడతాను.