8 కిలోలు తగ్గాక ముల్లు ఆగిపోయింది, 1900 నుంచి 1500కి దించెయ్యాలా?

ప్రశ్న:
మగ, 34 ఏళ్లు, ఎత్తు 172 సెం.మీ. రోజుకి 1900 కేలరీలతో బరువు 88 నుంచి 80కి దిగింది. మూడు వారాలుగా కదలట్లేదు. కూర్చుని చేసే ఉద్యోగం, సాయంత్రం నడక. జిమ్‌లో 1500 చెయ్యమంటున్నారు. ఎంత తగ్గించాలి?

జవాబు 1:
ఒకేసారి 400 కోత వద్దండి. ఊరికే పడుకుని ఉన్నా ఒంటికి రోజుకి ఖర్చయ్యే కేలరీలు చెప్పే మిఫ్లిన్ సూత్రంలో (బరువు×10 + ఎత్తు×6.25 − వయసు×5 + 5) మీకు 88 కిలోలప్పుడు 1790, ఇప్పుడు 1710. నడకతో కలిపి 1.375తో (కొద్దిపాటి కదలిక ఉన్నవాళ్లకి వాడే గుణకం) గుణిస్తే రోజు ఖర్చు 2461 నుంచి 2351కి పడింది. 8 కిలోలు పోయినా తేడా 110 మాత్రమే! నిజంగా 1900 తింటుంటే ఇంకా 450 లోటు ఉండాలి. కిలో కొవ్వుకి 7700 లెక్కన వారానికి 400 గ్రాములు దిగాలి. దిగట్లేదంటే ముందు గిన్నెలో ఏం పడుతోందో చూడండి.

జవాబు 2:
ఎక్కువగా తప్పేది అన్నం దగ్గరే. 100 గ్రాముల బియ్యం సుమారు 350 కేలరీలు, అదే 100 గ్రాముల అన్నం 130. బియ్యం తూచి యాప్‌లో అన్నం అని రాస్తే 220 మాయం.
తర్వాత నూనె. తాలింపుకి చేతివాటంగా పోసేది టీస్పూను కాదు, మూడు నాలుగు ఉంటుంది, ఒక్కోటి 40 పైనే. వంటకి ముందు సీసా తూచండి, వంటయ్యాక మళ్లీ తూచండి. తగ్గిన ప్రతి గ్రాముకీ 9 కేలరీలు. కూర నలుగురిదైతే మీ వాటా ఎంతో అంతే రాసుకోండి. ఆవకాయ మీద తేలే నూనె కూడా నూనేనండోయ్.

జవాబు 3:
1.375 దగ్గర నాకు పేచీ ఉంది. రోజంతా కుర్చీలో ఉండి అరగంట నడిచేవాళ్లకి అది ఎక్కువే కావచ్చు. కదలిక లేనివాళ్లకి వాడే 1.2 వేస్తే ఖర్చు 2052, లోటు 150, వారానికి 140 గ్రాములు కూడా రాదు. ఆదివారం బిర్యానీ ఉప్పుకి సోమవారం ఒంట్లో నిలిచే నీరే కిలో దాకా ఉండొచ్చు, అందులో ఆ 140 కనపడదు.
అందుకే రోజూ పొద్దున్న టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు తూచుకుని, వారం సగటుని వారం సగటుతోనే పోల్చండి. (ఆడవాళ్లయితే గత నెలసరిలో ఇదే వారంతో.) తూకాలు సరిచేశాక రెండు వారాలు సగటు కదలకపోతే అప్పుడు 150 తగ్గించండి. అది కూడా అన్నం, నూనెల్లోంచే. పప్పు, గుడ్లు, పెరుగు జోలికి పోవద్దు. ప్రొటీన్ రోజుకి 120 గ్రాముల దగ్గర ఉంచండి. తిండి తగ్గించలేకపోతే అడుగులు రోజుకి 4000 పెంచినా దాదాపు అంతే.
షుగర్‌కి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడుతుంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా తిండి తగ్గించొద్దు, షుగర్ పడిపోతుంది.