టైమింగ్ బెల్టు మార్చేటప్పుడు బాగున్న వాటర్ పంపును కూడా మార్చాలా?

ఒంగోలు డీజిల్:
నా డీజిల్ కారు 92,000 కిలోమీటర్లు తిరిగింది. టైమింగ్ బెల్టు (వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే పళ్ల బెల్టు) మార్చాల్సిన సమయం వచ్చిందని చెప్పిన మా మేస్త్రి, పనిలో పనిగా కూలెంట్‌ను, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, తిప్పే వాటర్ పంపు కూడా మార్చేద్దామంటున్నారు. పంపు చప్పుడు చేయడం లేదు, ఇంజిన్ వేడెక్కడం లేదు. కాకపోతే రెండు నెలలుగా కూలెంట్ మట్టం పదిహేను రోజులకు ఒక వేలి మందం చొప్పున తగ్గుతోంది, బండి నిలిపిన చోట మాత్రం ఒక్క చుక్క కనిపించదు. పనిచేస్తున్న పంపును తీసి పారేయడం నాకు లాభమా, మేస్త్రికి లాభమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

ఆటోనగర్ మేస్త్రి:
ముందు మీ ఇంజిన్‌లో పంపును ఏది తిప్పుతుందో కనుక్కోండి. ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ ఉంటుంది, పంపును బయటి బెల్టు తిప్పుతుంది కాబట్టి అక్కడ ఈ చర్చే అక్కరలేదు. రెనో 1.5 డీజిల్ కె9కె ఇంజిన్‌లో పంపును తిప్పేది టైమింగ్ బెల్టే. మీది ఆ రకమైతే, చక్రం విప్పి, ఇంజిన్ మౌంటు తీసి, కవర్లు ఊడదీసి, క్రాంకును, క్యామ్‌ను లాక్ చేసి బెల్టు తీసేసరికి పంపు ఎదురుగానే ఉంటుంది. ఆపైన మిగిలే పని కొన్ని బోల్టులది. దాన్ని వదిలేసి కవర్లు బిగించేస్తే, ఏడాది తరువాత అది కారడం మొదలైనప్పుడు అదే లేబర్ మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలి. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది: పంపు బేరింగు బిగుసుకుపోతే బెల్టు పళ్లు ఊడుతాయి, వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి, ఇక హెడ్డు దించక తప్పదు.

నల్గొండ పాత బండి:
మేస్త్రిగారి లెక్కలో ఒక అంకె లోపించింది. కొత్తగా వేసే పంపు పాతదానికంటే మేలైనదన్న హామీ ఎవరిస్తారు? నా వెనకటి కారుకు ఇదే సలహా విని నిక్షేపంలాంటి పంపును తీయించాను. పెట్టె చూస్తే అసలైన సరుకులాగే ఉంది, లోపలిది మాత్రం ఎనిమిది నెలలకే, ద్రవం కారకుండా ఆపే సీలు వదిలేసింది. మిగులుతుందన్న లేబర్‌ను ఆ విధంగా నేను రెండోసారి కట్టాను. పైగా పంపు ఆయుష్షు కిలోమీటర్లను బట్టి కాక, అందులో పోసే ద్రవాన్ని బట్టి ఉంటుంది. మా జిల్లాలో బోరు నీళ్లు పోసిన బండ్లకు సీలు మీద సున్నపు పొర గట్టిపడి గీసేస్తుంది. సరైన కూలెంటును గడువుకు మారుస్తూ వచ్చినవారు బెల్టు తీసినప్పుడు పంపును చేత్తో తిప్పి చూసి నిర్ణయించుకోవచ్చు.

సెలవురోజు రెంచి:
ఇద్దరూ సూత్రం గురించి వాదిస్తున్నారు గానీ, అడిగినవారి కూలెంట్ ఎక్కడికి పోతోందో ఎవరూ పట్టించుకోలేదు. నేల మీద చుక్క పడనంత మాత్రాన కారడం లేదనుకోకూడదు. పంపు బాడీలో, సీలుకూ బేరింగుకూ నడుమ, వీప్ హోల్ అనే చిన్న రంధ్రం ఉంటుంది. సీలు అరిగితే కూలెంట్ బేరింగులోకి పోకుండా ఆ దారిన బయటికి వస్తుంది, వేడి ఇంజిన్ మీద పడి నేలకు చేరేలోపే ఆరిపోతుంది, కానీ ఉప్పు పేరుకున్నట్టు ఒక చార మిగులుతుంది. మీ కూలెంట్ గులాబీ రంగుదైతే చార కూడా వెలిసిన గులాబీ రంగులోనే ఉంటుంది. పై కవరు విప్పి, టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి చూడండి.

అది కనిపించకపోతే ప్రెషర్ టెస్టు చేయించండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మాత్రమే కూలెంట్ డబ్బా మూత తీసి, ఆ చోట చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి (చాలా కార్లలో 1 నుంచి 1.4 బార్) ఎక్కించి అరగంట వదిలేయాలి. మీటరు ముల్లు దిగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు దిగినా, ఇంజిన్ స్టార్టు చేయగానే డబ్బాలో ఎడతెగకుండా బుడగలు వచ్చినా, అనుమానించాల్సింది ఇంజిన్ హెడ్డుకూ బ్లాకుకూ నడుమ ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను. అప్పుడు పంపు మార్చడం తలనొప్పికి మోకాలికి మందు రాసినట్టే. ఇంజిన్ వేడిగా ఉండి హీటర్ చల్లగా ఊదితే, కూలెంట్ తక్కువైందో, పంపులో కూలెంట్‌ను నెట్టే రెక్కల చక్రం (ఇంపెల్లర్) షాఫ్టు మీద జారుతోందో చూడాలి. బయట పొడిగా ఉండి లోపల రెక్కలు విరిగిన ప్లాస్టిక్ ఇంపెల్లర్లు కూడా ఉంటాయి, వాటిని చేత్తో తిప్పి చూసి కనిపెట్టలేరు.

ఆటోనగర్ మేస్త్రి:
నల్గొండవారి డూప్లికేట్ బాధ నిజమే. దానికి మందు పంపు మార్చకపోవడం కాదు, బిల్లుతో కొనడం. బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, పంపు కలిపి ఒకే కిట్‌గా దొరుకుతాయి. ఇంకొక మాట: పాత గ్యాస్కెట్ ముక్కలు పూర్తిగా గీకకుండా, సీలెంట్ దట్టంగా పూసి బిగించిన పంపులు కూడా కారుతాయి, ఆ నింద మాత్రం పంపు మీద పడుతుంది.

ఒంగోలు డీజిల్:
నిన్న దగ్గరుండి పని చేయించాను. కె9కె కాకపోయినా నా ఇంజిన్‌లోనూ పంపును తిప్పేది టైమింగ్ బెల్టే. కవరు తీయగానే పంపు కింద చిటికెన వేలంత పొడవున గులాబీ చార కనిపించింది, బెల్టు అంచు ఒకవైపు తడిసి మెత్తబడి ఉంది. విచిత్రమేమిటంటే పుల్లీని అటూ ఇటూ కదిపితే ఏమాత్రం ఆట లేదు, బేరింగు నున్నగా తిరిగింది. చేత్తో తిప్పి చూసే పరీక్షనే నమ్ముకుని ఉంటే ఆ పంపు నెగ్గేది. మొత్తం కిట్ వేయించాను. కూలెంట్ దారిలో చిక్కిన గాలి పోయేదాకా హీటర్ పూర్తి వేడిలో పెట్టి ఇంజిన్ నడపమన్నారు. ఒంగోలు ఎండలో అదొక శిక్ష.

నల్గొండ పాత బండి:
సంతోషం. అయితే మీరు మార్చింది కారుతున్న పంపును. శీర్షికలో ఉన్న ప్రశ్న బాగున్న పంపు గురించి. చార లేకుండా, ఒత్తిడి నిలిచి ఉంటే మీరేం చేసేవారో చెప్పండి.

ఒంగోలు డీజిల్:
అప్పుడూ మార్పించేవాణ్నే. ఆ బెల్టు అంచు చూశాక ఇంకో మాట రావడం లేదు.