కోనసీమ నుంచి ఎవరెస్ట్ బేస్ క్యాంపుకి: మెట్ల సాధనా, అదనపు రాత్రులా?

కాలువగట్టు (అమలాపురం)
మా వైపు ఎత్తంటే ఏటిగట్టేనండి. బృందంలో రెండు మాటలు నడుస్తున్నాయి. మూడు నెలలు గట్టిగా సాధన చేసి 12 రోజుల ప్యాకేజీలో వెళ్దామని కొందరు, సాధన మామూలుగా ఉన్నా 14 రోజులది తీసుకుందామని కొందరు. తాళ్లు, గొడ్డళ్లు లేని నడక దారే. ఏది మేలంటారు?

మెట్లదారి (రాజమండ్రి)
సాధనేనండి. దారిలో నామ్చే బజార్ అనే ఊరికి చేరే రోజు చివరి వేలాడే వంతెన దాటాక దాదాపు 600 మీటర్లు ఎక్కుడే ఎక్కుడు. అయిదంతస్తుల అపార్ట్‌మెంటు ఎత్తు ఇంచుమించు 15 మీటర్లు, అంటే 40 సార్లు ఎక్కాలి. మొదటి వారం 8 సార్లతో మొదలెట్టి వారానికి 4 చొప్పున పెంచితే తొమ్మిదో వారానికి 40 అవుతుంది. వారంలో మూడు రోజులు చాలు. వీపున రెండు లీటర్ల సీసాలు మూడు. పక్కవాళ్లతో ఆగకుండా మాట్లాడగలిగినంత వేగమే ఉండాలి. మన ఉక్కలో గుండె ఎలాగూ ఎక్కువ కొట్టుకుంటుంది, కాబట్టి తెల్లారకముందే కానిచ్చేయండి. మొదట్లో పైన నీళ్లు పారబోసి ఖాళీగా దిగండి, మోకాళ్లకి మంచిది. ఆఖరి నెల మాత్రం బరువుతోనే దిగాలి. తొడలు పట్టేసేది దిగేటప్పుడే.

గౌతమి పాయ (యానాం)
మెట్లు కాళ్లకండి, ఎత్తుకి కాదు. 5,364 మీటర్ల బేస్ క్యాంపులోనూ గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, కానీ గాలి పీడనం ఇక్కడి దాంట్లో సగం. దానికి ఒళ్లు అలవాటుపడాలంటే పైన రాత్రులు గడపాల్సిందే. దమ్మున్నవాళ్లకి కొండజబ్బు (ఎత్తుకి ఒళ్లు అలవాటుపడక వచ్చేది) రాదన్న హామీ లేదు. పైగా వాళ్లే ముందుకి ఉరుకుతారు. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకో రోజు ఆగాలి. మీ ప్యాకేజీ కాగితంలో రెండు ఊళ్లు చూడండి: నామ్చే (3,440), దింగ్‌బోచే (4,410). రెండు చోట్లా రెండేసి రాత్రులు లేకపోతే ఆ ప్యాకేజీ వద్దు.

లంకపొలం (రావులపాలెం)
ఊపిరి బిగించే ఆ ట్రైనింగ్ మాస్కు కొంటే? లేదా మారేడుమిల్లిలో వారం ఉంటే?

గౌతమి పాయ
మాస్కు గాలి రాకుండా అడ్డుపడుతుంది, పీడనం తగ్గించదు. డబ్బు దండగ. తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరమే 1,700 మీటర్లు దాటదు, ఒంటికి ఎత్తు తెలిసేది 2,500 దగ్గర. మారేడుమిల్లి నడకకి బాగుంటుంది, బొంగు చికెన్‌కి ఇంకా బాగుంటుంది.

లంకపొలం
కొండజబ్బు రాకుండా వేసే డయామాక్స్ మాత్రలు వేసుకుంటే 12 రోజులు సరిపోవా మరి?

మందులకొట్టు (భీమవరం)
సరిపోవు. అలవాటుపడటాన్ని అది త్వరపెడుతుందంతే, రాత్రులకి బదులు కాదు. ముందుజాగ్రత్తకి మామూలు మోతాదు 125 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఎక్కడానికి ముందురోజు నుంచి. డాక్టరు రాస్తేనే వేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సోడా రుచి చెడుతుంది, మాటిమాటికీ ఒంటేలుకి లేవాలి. డాక్టరు సరేనంటే ఇంటి దగ్గరే రెండ్రోజులు వేసి చూసుకోండి, అక్కడ కంగారుండదు. తలనొప్పికి వికారం తోడైతే ఇక ఎక్కొద్దు. మడమకి బొటనవేలు ఆనించి తిన్నని గీత మీద నడవలేకపోయినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దింపాలి. అర్ధరాత్రయినా సరే.

మెట్లదారి
రాత్రులు పెంచండి, కాదనను. కానీ మెట్లు మానేసి 14 రోజులు తీసుకున్నవాళ్లు తిరుగుదారిలో మోకాళ్లు పట్టుకుని కూర్చుంటారు. ఇంకో మాట, బీరువాలో ఏళ్లతరబడి పడున్న బూట్లు నమ్మకండి. మన తేమకి పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ సోల్ లోపల్లోపలే పాడవుతుంది, చూడ్డానికి కొత్తగానే ఉంటుంది. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. పగుళ్లిచ్చినా పొడి రాలినా పారేయండి, జిగురు పెట్టినా ఆగదు. కొత్తవైతే వెళ్లేలోపు కనీసం 60 కిలోమీటర్లు నడవాలి.

కాలువగట్టు
14 రోజులకే ఫోన్ చేస్తున్నామండి, మెట్లు రేపట్నుంచి. తినడానికి పూతరేకులు పట్టుకెళ్దామంటున్నారు.

మందులకొట్టు
రెండో రోజుకే సంచిలో పొడైపోతాయి. సున్నుండలు పట్టుకెళ్లండి. చలికి నెయ్యి గడ్డకట్టి రాయిలా అవుతాయి, ఓ గంట ముందే చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి.